చిలకపచ్చ ఫాల్

మా వైపు ఆడపిల్ల మొదటిసారి చీర కట్టేది పదో తరగతి ఫేర్‌వెల్ రోజున. ఆ చీర అమ్మదే అయి ఉండాలి. కొత్తది కొనడమనే ఆలోచన మా కాలంలో ఎవరికీ రాలేదు. అమ్మ సందూకలోంచి చీర తీస్తుంది, "మరక పడ్డదనుకో, ఈపు పగుల్తది" అని బెదిరిస్తుంది, తనే కుచ్చిళ్ళు పోస్తుంది, తన జాకెట్టే తొడిగి వదులైన చోటల్లా పిన్నీసులు గుచ్చి బడికి పంపిస్తుంది. సాయంత్రం మనం రాగానే ఒంటి మీది నుంచి విప్పించుకుని, దులిపి, మడత పెట్టి మళ్ళీ సందూకలో పెట్టేస్తుంది. ఆ ఒక్క పూట కోసం మేం తొమ్మిదో తరగతి నుంచే కలలు కనేవాళ్ళం.

మెట్‌పల్లిలో మా జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి ముందు మా అక్క అట్లా మా అవ్వ చీరలో పోయింది; అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. తర్వాత నా వంతు. అదే చీర, అవే పిన్నీసులు. తొమ్మిదో తరగతి వాళ్ళు తలా కొంచెం డబ్బులు వేసుకుని పాత పేపరు పొట్లాల్లో మిక్చరు, ఒక లడ్డూ, ఒక అరటిపండు ఇచ్చారు. హెడ్మాస్టరు "పరీక్షలు మంచిగ రాయండి, బస్సు టాపుల మీద కూసోకండి" అని రెండే ముక్కలు చెప్పి కూర్చున్నారు. మేం మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాం. మా వెనక సందులో ఉండే పిల్లను పట్టుకుని ఇక ఈ జన్మలో కనబడదన్నట్టు ఏడ్చాను. మర్నాడు పొద్దున పాలు పోసే ఇంటి దగ్గర మళ్ళీ ఆ పిల్లే ఎదురైంది. ఇద్దరం సిగ్గుపడి తల తిప్పుకున్నాం.

మా ఇంట్లో నాకు నోరెక్కువ, అక్కకు ఓపికెక్కువ. ఆ ఓపికతోనే మా బావకు సరిపోయింది. అక్కను జమ్మికుంటకు ఇచ్చారు. బావ అక్కడి పత్తి మార్కెట్‌లో దడ్వాయి, అంటే రైతులు తెచ్చిన పత్తిని కాంటా పెట్టి తూకం వేసే మనిషి. సీజనంతా యార్డులో అరిచి అరిచి, ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర గొంతు మిగలదు. పొద్దంతా తూకాలు చెప్పిన నోరు ఇంట్లో అన్నం పెట్టమని అడగడానికి కూడా బద్ధకించేది. అక్క ఆయన మొహం చూసి వడ్డించేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చి దగ్గర్లోని ఊళ్ళో పోస్టింగ్ పడితే, నేనూ మా ఆయనా అక్క వాళ్ళ వీధిలోనే ఇల్లు తీసుకున్నాం. మాకు పిల్లల్లేరు. అక్క కూతురు సగం అక్కడ, సగం మా ఇంట్లో పెరిగింది. బడి పిల్లల ముందు తండ్రిని డాడీ అంటుంది గానీ గడప దాటి లోపలికొస్తే బాపే.

ఇప్పుడు నేను చెప్పబోయే చీర, మా పుట్టింట్లో అక్కకు చివరిసారి ఒడిబియ్యం పోసినప్పుడు మా బాపు తెచ్చిన పట్టుచీర. చిలకపచ్చ ఒళ్ళు, ఎర్ర అంచు, కొంగు నిండా జరీ మామిడి పిందెలు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు అవ్వ అక్క ఒడిలో పోస్తుంటే కొంగు మీద ఒకచోట పసుపు అంటుకుని మరకయింది. అవ్వ "అయ్యో, కొత్త చీర" అని గాభరా పడితే అక్క నవ్వి, "ఉండనియ్యవ్వా, పుట్టింటి పసుపు" అంది. ఆ మరకను ఎన్నడూ కడగలేదు. ఫాల్ కూడా మిషను మీద వేయించలేదు. కుచ్చిళ్ళు నిలవడానికి చీర అంచుకు లోపలి వైపు వేసే ఆ నూలు పట్టీని, అదే చిలకపచ్చ రంగుది వెతికి తెచ్చి, కూర్చుని చేత్తో కుట్టుకుంది. మిషను కుట్టయితే పట్టు ముడతలు పడుతుందని ఆమె నమ్మకం.

ఆమె కుట్టుకుంటుంటే పిల్ల పక్కన చేరి నాకు కట్టు, నాకు కట్టు అని ఒకటే పోరు. అప్పుడు అక్క అన్నది, "పదో తరగతి ఫేర్‌వెల్‌కు గీ చీరనే కడత బిడ్డా. అందాక దీని మీద చెయ్యెయ్యకు." ఇక ఆనాటి నుంచి ఆ తల్లీ కూతుళ్ళకు అది ఊతపదమైపోయింది. లెక్కల్లో మార్కులు తక్కువొస్తే "గిట్లయితే చీర కట్టనియ్య పో." పాలు తాగనంటే "బక్కదానికి చీరేం నిలుస్తది?" పిల్ల కూడా తక్కువ తినలేదు. అక్క ఎప్పుడైనా ఆ చీర కట్టుకుని పెళ్ళికి బయల్దేరితే గుమ్మంలో నిలబడి, "నా చీర పైలం" అని హెచ్చరించి పంపేది.

పిల్ల ఏడో తరగతిలో ఉండగా అక్కకు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చేదే అనుకున్నాం. కరీంనగర్ తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. ఇంతకన్నా రాయడం నా వల్ల కాదు.

ఆమె చీరలు చుట్టాల్లో కొందరికి ఇచ్చాం. ఈ చీర ఒక్కటి బీరువా పై అరలో పాత దుప్పటిలో చుట్టి ఉండేది. నాకు తెలిసి పిల్ల దాన్ని ఎన్నోసార్లు తీసింది. ఒకసారి నేను కూర గిన్నె ఇవ్వడానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఆ కొంగు పసుపు మరక ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. నన్ను చూసి దాచలేదు. "ఇంకా కొంచెం వస్తుంది చిన్నమ్మా, అమ్మ వాసన" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను.

పిల్ల పదో తరగతికి వచ్చింది. అది చదివేది జమ్మికుంటలోనే ఒక ప్రైవేటు బడి. దసరా సెలవులు అయిపోయాయో లేదో, తల్లుల వాట్సాప్ గ్రూపులో ఫేర్‌వెల్ మాట మొదలైంది. ఒక కమిటీ కూడా పడింది. తల్లి లేదు గనక ఆ గ్రూపులో పిల్ల తరఫున నేనున్నాను. సంక్రాంతి దాటాక మీటింగ్ పెడితే, బావకు పత్తి సీజను, యార్డు విడిచి కదల్లేడు, నేనే పోయాను.

అబ్బో, ఆ మీటింగ్! నేను పన్నెండేళ్ళుగా ఎస్సెస్సీ పిల్లలకు పాఠం చెబుతున్నాను గానీ పది పాసవకముందే ఇంత ఊరేగింపు ఉంటుందని తెలియదు. ఊరి బయట ఫంక్షన్ హాలు. పిల్లలు లోపలికి రావడానికి పూలు కట్టిన ఓపెన్ టాప్ జీపు. నేల మీద పొగ, పక్కల్లో మెరుపులు చిమ్మే గొట్టాలు. డీజే. స్టేజి వెనక గోడంత టీవీ, దాని మీద చిన్ననాటి ఫొటోలు. పైన డ్రోన్. అందరికీ మేకప్ చేయడానికి హనుమకొండ నుంచి ఇద్దరు మనుషులు. తలా ఆరు వేలు, చీర కాకుండా. నా పక్కన కూర్చున్నావిడ భర్తకు ఆటో ఉంది. ఆమె చెవులకు ఎప్పుడూ ఉండే కమ్మలు లేవు. నేను చూస్తున్నానని గమనించి, "మొన్ననే బ్యాంకుల పెట్టిన మేడం. మా పిల్లొక్కతి పోకుంటే ఏడుస్తది గద" అని కొంగు చెవుల మీదికి లాక్కుంది. ప్రిన్సిపాల్ ఒక మూలన నిలబడి, "పేరెంట్స్ ఇష్టం, మాదేం లేదు" అని చేతులు దులిపేసుకున్నాడు.

ఆ తర్వాత వచ్చింది అసలు సంగతి. కమిటీ పెద్ద రైసుమిల్లు వాళ్ళ కోడలు. చెడ్డ మనిషి కాదు. చకచకా మాట్లాడుతుంది, పని మీదేసుకుంటుంది. ఆమె ఫోను పైకెత్తి ఒక రంగు చూపించింది. ఆడపిల్లలందరికీ ఒకటే థీమ్. వైన్ కలర్ పట్టుచీర. ఏ దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు, రంగు మాత్రం ఇదే.

నా నోరు ఊరుకుంటుందా? "సదువుకునే పిల్లలకు వైన్సుల రంగేందమ్మా?" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వులు ఆగాక చెప్పాను, మా పిల్ల వాళ్ళమ్మ చీర కట్టుకుంటుంది, అది చిలకపచ్చది, చిన్నప్పటి నుంచి అనుకున్న మాట అని. ఆమెకు మా అక్క తెలుసు. మొహం చిన్నబుచ్చుకుంది. "నాకు ఎర్కనే మేడం. కని ఒక్కళ్ళు వేరే రంగుంటే డ్రోన్ల మంచిగ రాదు. ఆడపిల్లలందర్ని పది అంకె లెక్క నిలబెట్టి మీదికెళ్ళి, ఆకాశంలకెళ్ళి తీస్తరట. ఒక్కరి కోసం ఇడిస్తే రేపు అందరు అడుగుతరు."

"అడగనియ్యండ్రి. అందరు అమ్మల చీరలల్లనే రానియ్యండ్రి. మనం గట్లనే పోలేదా?"

"మన కాలం ఏరు మేడం. ఒక్కసారే వచ్చే దినం. పిల్లలకు జిందగీ అంత యాదుండాలె."

మిక్చరు పొట్లం నాకు జిందగీ అంతా యాదున్నదని చెబితే వింటారా? ఆటో వాళ్ళావిడ నా మోచేతిని పట్టుకుని మెల్లగా కిందికి లాగింది. కూర్చున్నాను. ఆ తర్వాత బోథ్‌లో టీచరుగా పనిచేసే నా స్నేహితురాలికి ఫోన్ చేసి నా కోపమంతా వెళ్ళగక్కితే, ఆమె నాకన్నా గట్టిగా నిట్టూర్చింది. "మా సర్కారు బళ్ళె గూడ గిదే లొల్లి. సూట్లు కిరాయికి తెస్తున్నరు" అంది.

ఇంటికొచ్చి పిల్లకు చెప్పాను. చెప్పకముందే దానికి తెలుసు. క్లాసులో అందరూ చీర ఫొటోలు పంచుకుంటున్నారట. మొహం అటు తిప్పుకుని, "నేను పోను" అంది. బావ అప్పుడే యార్డు నుంచి వచ్చి, జుట్టు నిండా పత్తి నూగుతో, గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. సంగతంతా విని, "కొత్త చీర కొంట బిడ్డా. ఏ రంగన్నా సరే. హనుమకొండ పోదాం" అన్నాడు.

"నాకు కొత్తది వద్దు బాపూ."

"మరి పాతది ఇంకోనాడు కట్టుకో. నీ పెండ్లికి కట్టుకో. చీరేడికి పోతది?"

"అమ్మ ఫేర్‌వెల్‌కే కడతనన్నది. పెండ్లికి అనలే."

పోకుండా ఇంట్లో ఉంటానని అది మొండికేసిందే గానీ ఉండలేదని నాకు తెలుసు. నర్సరీ నుంచి ఒకే బెంచీ మీద పెరిగిన ముగ్గురు స్నేహితురాళ్ళున్నారు దానికి. పరీక్షలయ్యాక ఒకరు హైదరాబాద్, ఒకరు వరంగల్, ఇంకొకరు మేనమామ ఊరు. ఆ రోజు కలవకపోతే మళ్ళీ నలుగురూ ఒకచోట కలిసేదెప్పుడో. అట్లాగని అమ్మ చీర వదులుకుని ఎట్లా పోతుంది? ఆ వారమంతా అది అన్నం సరిగ్గా తినలేదు. పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేది. ఏడ్చినప్పుడు స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చేది, తండ్రికి వినబడకూడదని. వాళ్ళ ఇల్లెంత? రెండు గదులు. అన్నీ వినబడతాయి.

ఆదివారం మార్కెట్ సెలవు. ఆ మధ్యాహ్నం బావ మా ఇంటికొచ్చాడు. ఎన్నడూ లేనిది మొహంలో ఒక వెలుగు. చేతిలో ప్లాస్టిక్ కవరు. "టీచరమ్మా, జర ఇంటికి రా. నీ బిడ్డకు ఒకటి తెచ్చిన" అన్నాడు. ఆయన నన్ను టీచరమ్మా అని ఆటపట్టించి మూడేళ్ళయింది. కొత్త చీర కొని పిల్లను ఎట్లాగో ఒప్పించే ధైర్యం తెచ్చుకున్నాడనుకుని సంతోషంగా వెంట నడిచాను.

ఇంట్లో పిల్ల బట్టలు మడత పెడుతోంది. బావ కవరు విప్పి మంచం మీద పరిచాడు. వైన్ రంగు పట్టుచీర. అచ్చంగా ఆ రంగు కాదు, ఇంకా ముదురు, మాడిన బెల్లం పాకం లాంటి ఎరుపు. దూరం నుంచి చూస్తే థీమ్ రంగే. అంచు ఉందో లేదో తెలియడం లేదు. జరీ నల్లబడి ఉంది. ఆ జరీలో మామిడి పిందెలు చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

"గిది అమ్మ చీరనే బిడ్డా" అంటున్నాడు బావ. "కరీంనగర్ల రంగులేసే సాయిబు దగ్గర ఏపిచ్చిన. ఇప్పుడు నీ చీర నీకున్నది, వాళ్ళ రంగు వాళ్ళకున్నది. ఇగ నిన్ను ఎవ్వరేమంటరు?"

నోరెక్కువ అని పేరుపడ్డ దాన్ని, గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఆయన మొహం చూస్తే తిట్టాలనిపించలేదు, ఆ చీర చూస్తే ఏడుపు ముంచుకొస్తోంది. పొద్దంతా పత్తి చూసి ఇది ఏ రకమో చెప్పగల మనిషికి చీర అంటే గుడ్డ అనే తెలుసు. రంగు మారితే ఏమైంది, గుడ్డ అదే కదా అనుకున్నాడు. పై అరలోంచి దుప్పటి విప్పి, చీర తీసి, మళ్ళీ ఆ దుప్పటిని ఖాళీగానే మడిచి పెట్టి, ఆ రోజే తెల్లవారకముందు బస్సెక్కి పోయాడట. రంగుల దుకాణంలో ముసలి సాయిబు చీరను తిప్పి చూసి, "పట్టుది భయ్యా. ఒక్కసారి మరిగే నీళ్ళల్ల ఏస్తే మల్ల పాత రంగు రాదు. ఇంట్ల ఆడోళ్ళను అడిగినవా?" అన్నాడట. బావ అడిగాను అన్నాడట. ఆ మాట ఆయనే మాకు చెప్పాడు, సాయిబును భలే బోల్తా కొట్టించానన్నట్టు నవ్వుతూ. ఎవరిని అడిగి ఉంటాడు? అడగాల్సిన మనిషి లేదు.

పిల్ల లేచి వచ్చింది. కొంగు వెతికి పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. పసుపు మరక ఉన్నచోట కూడా మిగతా చోటి రంగే. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకు ఆ క్షణాన ఆ ఇంట్లోంచి పారిపోవాలనిపించింది. మరిగిన నీళ్ళ వాసన, రంగు మందు వాసన తప్ప అందులో ఏముంటుంది?

"మంచిగున్నదా?" అన్నాడు బావ. అప్పుడు ఆయన గొంతులో అనుమానం వినబడింది.

పిల్ల తలెత్తి తండ్రిని చూసింది. దానికి పదిహేనేళ్ళు. ఏ వయసు మనిషి ఆ మాట అనగలదో నాకు తెలియదు. "మస్తు మంచిగున్నది బాపూ. గిప్పుడు నేను పోత" అంది.

ఆయన నిజంగా నమ్మాడు. స్నానం చేసి వస్తానని లోపలికి పోయాడు, ఏదో పాట కూడా తీస్తున్నట్టు వినబడింది. అప్పుడు గానీ పిల్ల నా భుజం మీద తల పెట్టలేదు. చప్పుడు లేకుండా ఏడ్చింది. నేనూ అంతే. నా చీర భుజం తడిసిపోయింది. "చెప్పకు చిన్నమ్మా. బాపుకు చెప్పకు" అని మాత్రం అంది. ఎట్లా చెబుతానే, నా తల్లీ.

కవరు మడుస్తుంటే అడుగున ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే ఫాల్. రంగు వేసేముందు సాయిబు దాన్ని కుట్లు విప్పి తీసి, చుట్టి, రబ్బరు బ్యాండు వేసి కవరులో పెట్టాడు. చిలకపచ్చ నూలు పట్టీ. కుట్టు విప్పినా దాని మీద అక్క చేతి దారం అక్కడక్కడా ఇంకా పట్టుకుని ఉంది. పిల్ల దాన్ని విప్పి ఒళ్ళో పరుచుకుని చూసింది. "చిన్నమ్మా, గిదే కుట్టు" అంది.

"రంగు కలవదే."

"కలవకుంటే కలవకపాయె. గిదే కుట్టు."

ఆ సాయంత్రం, మరుసటి సాయంత్రం, బడి నుంచి రాగానే కూర్చుని చేత్తోనే కుట్టాను. మిషను వద్దనుకున్నాను. నా కుట్టు అక్క కుట్టంత సన్నం రాదు. అక్కడక్కడా ఆమె దారం మిగిలి ఉంటే దాన్ని తీయకుండా పక్కనుంచి పోనిచ్చాను.

ఫేర్‌వెల్ రోజు మేకప్ మనుషులు మా పిల్ల మొహానికి ఎంత పొడి అద్దారో, దాని చెంప మీది చిన్న పుట్టుమచ్చ కూడా కనబడకుండా పోయింది. చీర మాత్రం వాళ్ళను ముట్టుకోనివ్వలేదు. నేనే కట్టాను. కుచ్చిళ్ళు పోస్తుంటే వేళ్ళ మధ్య ఆ పట్టు బిరుసుగా, పొడిపొడిగా తగిలింది. అక్క కట్టుకున్నప్పుడు అది నీళ్ళలా జారేది. బావ బయట నిలబడి, కూతురు వచ్చి నిలబడగానే ఒక్కసారి చూసి, కళ్ళు తుడుచుకుని, బండి తుడవడానికి పోయాడు. తుడిచిన బండినే మళ్ళీ తుడిచాడు.

హాలు దగ్గర జీపులు, పొగ, చెవులు పగిలే డీజే. ఆడపిల్లలంతా ఒకే రంగు, ఒకే జడ, ఒకే నవ్వు. మా పిల్ల మెట్లెక్కుతుంటే అంచు కొంచెం మడత పడి కింద పచ్చగా మెరిసింది. కమిటీ పెద్ద ఎంత హడావుడిలో ఉన్నా ఆమె కన్ను దాని మీద పడనే పడింది. "మేడం, ఫాల్ మ్యాచింగ్ కాలే. ఫొటోలల్ల కనబడుతది. జర లోపలికి పిన్ను కొట్టండ్రి" అంది. అంతే, అన్ని రోజులుగా దాచిన కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది. "కనబడనియ్యమ్మా! మీరడిగిన రంగేసుకొని వచ్చింది గద. కాళ్ళ కాడ జానెడు గూడ ఆ పిల్లది ఉండద్దా?" అన్నాను. గట్టిగానే అన్నాను. డీజే మోతలో ఆమెకు సగమే వినబడి ఉంటుంది. అయినా నా మొహం చూసి ఇక మాట్లాడలేదు. కాసేపయ్యాక నాకోసం ఒక జ్యూసు గ్లాసు పంపింది.

మధ్యలో మైకు పట్టుకున్న పిల్లవాడు, హైదరాబాద్ నుంచి పిలిపించిన యాంకరట, "మమ్మీలందరూ స్టేజి మీదికి రావాలి, మీ ప్రిన్సెస్‌కు మీ చేత్తో కిరీటం పెట్టాలి" అని అరిచాడు. నేను పైకెక్కాను. మా వంతు వచ్చింది. నా తెల్ల వెంట్రుకలు చూసో ఏమో, నేను అమ్మమ్మననుకుని ఆ పిల్లవాడు మైకులోనే, "మీ మమ్మీ రాలేదా?" అన్నాడు. పిల్ల తల వంచి తన కాళ్ళ వైపు చూసుకుంది. "వచ్చింది" అంది. యాంకరు చప్పట్లు కొట్టించాడు. నేను ఆ అట్ట కిరీటం దాని తల మీద ఎట్లా పెట్టానో నాకు గుర్తు లేదు.

ఆ రోజు స్నేహితురాళ్ళు నలుగురూ కలుసుకున్నారు, నిజమే. ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసి ఫొటోలు దిగారు. ఏడవబోతే మేకప్ పోతుందని ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. ఎవరూ ఏడవలేదు. ఇంటికొచ్చాక మా పిల్ల మొహం కడుక్కుంది, చీర విప్పి నా చేతికిచ్చింది. నేను మడత పెట్టి, పాత దుప్పటిలో చుట్టి, బీరువా పై అరలో పెట్టాను. అవ్వ మాకు చేసినట్టే చేశాను, అంతే.

పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో వీడియో వచ్చింది. బావ అప్పటిదాకా దాని కోసం రోజూ అడిగేవాడు. నన్ను పిలిపించాడు. ఆదివారం, మధ్యాహ్నం అన్నాలు తిన్నాం. ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. పిల్ల ఫోను కలిపి పెట్టింది. జీపులు, పొగ, పాటలు అయ్యాయి. ఆ తర్వాత డ్రోన్. ఫంక్షన్ హాలు వెనక పచ్చిక మీద ఆడపిల్లలను పది అంకెలా నిలబెట్టారు. కింద వైన్ రంగు చుక్కలు చుక్కలుగా ఒకటి, పక్కన సున్నా. కెమెరా ఇంకా పైకి పోయింది. అందరూ చేతులు ఊపుతున్నారు.

"ఆగు, ఆగు" అన్నాడు బావ. "ఇందుల నువ్వేడున్నవ్ బిడ్డా?"

పిల్ల బొమ్మను ఆపి టీవీ దగ్గరికి పోయింది. సున్నా మీద వేలు పెట్టింది. "గిక్కడ. కాదు, గిక్కడ." వేలు ఇంకో చుక్క మీదికి జరిగింది. మళ్ళీ వెనక్కొచ్చింది. బావ కూడా లేచి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, మొహం తెరకు ఆనించినట్టు పెట్టి వెతికాడు. ఇద్దరూ చాలాసేపు వెతికారు. నేను కూర్చున్న చోటునుంచే వెతికాను. ఆఖరికి పిల్ల చెయ్యి దించి, "ఎర్కలేదు బాపూ. అందరు ఒక్కతీర్గనే ఉన్నరు" అంది.

"మీదికెళ్ళి తీసిండ్రు గద" అన్నాడు బావ. "కిందికెళ్ళి తీస్తే దొరుకుతుంటివి. ఫాల్ కనబడుతుండె."

నేను ఉలిక్కిపడి పిల్ల వైపు చూశాను. మేమిద్దరం ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆయనకు ఎప్పుడు తెలిసిందో, ఎన్నాళ్ళ నుంచి తెలిసి ఊరుకున్నాడో.

ఆయన ఆగిపోయిన ఆ బొమ్మను అట్లాగే చూస్తూ, "మీ అమ్మ గూడ మీదికెళ్ళే చూసింది గద బిడ్డా. ఆ పచ్చ చీర కోసం ఎంత ఎదికిందో" అన్నాడు. ఇంకా ఏదో అనబోయాడు. ఆ రోజు మార్కెట్ లేదు, ఎవరి తూకం చెప్పే పని లేదు. అయినా ఆయన గొంతు పోయింది.